వక్ఫ్‌నామా, జమాఖర్చు: ధర్మసంస్థలపై ఆధునిక రచనల పరిశీలన

దానధర్మాలలో ముగ్గురికి పాత్ర ఉంటుంది. ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఒకడు, ఆ సొమ్మును ఒకరి చేతి నుండి మరొకరి చేతికి చేర్చేవాడు మూడవవాడు. దాతను గురించి ప్రశస్తులు, శాసనాలు, జీవితచరిత్రలు ఉన్నాయి. గ్రహీతను గురించి ధర్మశాస్త్ర గ్రంథాలలోనూ, ఇటీవలి సామాజిక శాస్త్రాలలోనూ విస్తారమైన చర్చ ఉన్నది. మధ్యనున్న మూడవవానిని గురించి రాయబడినది తక్కువ. నిందలోనో ప్రశంసలోనో అతని పేరు వస్తుందే తప్ప, అతని పని ఏమిటి, ఆ పనికి అతడు ఎవరికి జవాబుదారీ అనే విషయాన్ని నింపాదిగా విచారించిన రచనలు అరుదు. జకాత్ విషయంలో అతడు ఆమిల్, వక్ఫ్ విషయంలో ముతవల్లీ. నేటి వ్యవహారంలో ట్రస్టీ, కార్యదర్శి, మేనేజరు అనే పేర్లతో అతడే కనిపిస్తాడు. తెలుగువారికి చిరపరిచితమైన మాటలో చెప్పాలంటే అతడు ధర్మకర్త.

గత యాభై సంవత్సరాలలో ఇస్లామీయ ధర్మసంస్థలపై విశ్వవిద్యాలయాల పండితులు, సంఘ నాయకులు అనేక గ్రంథాలు వెలువరించారు. 2017లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం నుండి ముస్లింల దానధర్మాల అధ్యయనానికే ప్రత్యేకించిన ఒక పత్రిక ప్రారంభమయింది. పండితుడు, ధర్మసంస్థను నడిపే వ్యక్తి ఒకే వేదిక మీద కూర్చునే కాలం వచ్చింది. కావున ఈ అధ్యయనాలు ఆ మూడవవానిని ఎంతవరకు చూడగలిగాయి, ఎక్కడ చూడలేకపోయాయి అని పరిశీలించడం అవసరం. అందుకు నాలుగు ప్రసిద్ధ రచనలను, వాటిని సరిచూచుకొనడానికి భారతదేశ అనుభవాన్ని తీసుకొనవచ్చు.

మూలాధారాలలో నిర్వాహకుని స్థానం

ఆధునిక రచనలను తూచడానికి ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇస్లామీయ సంప్రదాయం ఈ మూడవవానిని ఆది నుండీ గుర్తించింది. జకాత్ ఎవరికి చెందాలో చెప్పే ఖుర్ఆన్ వాక్యంలో (9:60) ఎనిమిది వర్గాలు పేర్కొనబడ్డాయి. పేదలు, అగత్యపరుల వెనువెంటనే మూడవ వర్గంగా జకాత్ వసూలు, పంపిణీలకు నియుక్తులైనవారు వస్తారు. అనగా నిర్వహణ ఒక పని, ఆ పనికి ప్రతిఫలం ఉండాలి అనేది గ్రంథస్థమైన సూత్రం. ధర్మకార్యం కాబట్టి ఉచితంగా చేయాలని, జీతం పుచ్చుకోవడం తప్పని భావించే నేటి అనేక సంఘాల ధోరణి దీనికి భిన్నమైనది.

ప్రతిఫలంతోపాటు లెక్క కూడా ఉన్నది. బనూ సులైమ్ తెగవారి నుండి జకాత్ వసూలు చేసివచ్చిన ఇబ్నుల్ లుత్బియా అనే ఉద్యోగి వృత్తాంతాన్ని హదీసు గ్రంథాలు నమోదు చేశాయి. తెచ్చినదానిలో కొంత ప్రజాధనమని, కొంత తనకు కానుకగా వచ్చినదని అతడు విడదీసి చెప్పాడు. దైవప్రవక్త (స) అతనిని లెక్క అడిగారు. తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు అతనికి వచ్చేవా అనే భావంతో బహిరంగంగా ప్రశ్నించారు. ఇక్కడ గమనించదగినది ఏమంటే, ఆ విచారణ చాటున జరగలేదు; మింబరు మీద నుండి, అందరి ముందు జరిగింది.

వక్ఫ్‌కు మాతృకగా చెప్పబడే ఖైబర్ భూమి విషయం కూడా ఇటువంటిదే. హజ్రత్ ఉమర్ (రజి) తనకు లభించిన భూమిని అమ్మరాదని, దానమివ్వరాదని, వారసత్వంగా పంచుకొనరాదని నిర్ణయించి దాని ఫలసాయాన్ని పేదలకు, బంధువులకు, బాటసారులకు కేటాయించారు. దాని నిర్వాహకుడు న్యాయమైన మేరకు అందులోనుండి తినవచ్చునని, కాని సంపద కూడబెట్టుకొనరాదని షరతు పెట్టారు. ఆ నిర్వహణను మొదట తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించినట్లు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. ఆస్తి శాశ్వతత్వం, ఫలసాయ వినియోగం, నిర్వాహకుని హద్దు అనే మూడు అంశాలూ ఒక్క దస్తావేజులోనే ఉన్నాయి. తరువాతి శాస్త్రకారులు మొదటి రెండింటిని విస్తరించినంతగా మూడవదానిని విస్తరించలేదు. ఆధునిక పండితులలో పెక్కుమంది ఆ దారినే నడిచారు.

ఖర్జావీ జకాత్ శాస్త్రం

యూసుఫ్ అల్ ఖర్జావీ రెండు సంపుటాల ‘ఫిఖహుజ్జకాత్’ ఈ రంగంలో మైలురాయి. ధాన్యం, పశువులు, వెండి బంగారాల చుట్టూ తిరిగే పాత చర్చను ఆయన ఫ్యాక్టరీలు, అద్దె భవనాలు, వాటాలు, ఉద్యోగుల జీతాల దాకా తెచ్చారు. నాలుగు మజ్‌హబ్‌ల అభిప్రాయాలను పక్కపక్కనే ఉంచి, ప్రతి అభిప్రాయానికి ఆధారం అడిగి, ఏది ఎందుకు మెరుగో చెప్పే పద్ధతి ఆయనది. తరువాత జకాత్‌పై రాసినవారు ఆయనతో ఏకీభవించినా విభేదించినా ఆయనను దాటి పోలేకపోయారు.

ఆమిలీన్‌ను గురించి కూడా ఆయన రాశారు. వారి అర్హతలు, నిజాయితీ, పనికి తగిన వేతనం చర్చించారు. అయితే ఆ చర్చ ఎక్కువగా ఎటువంటివాడు ఉండాలి అనే దాని మీద నడుస్తుంది. అటువంటివాడు కాకపోతే ఎట్లా కనిపెట్టాలి, కనిపెట్టిన తరువాత ఎవరు తొలగించాలి అనే ప్రశ్నలకు వచ్చేసరికి పాఠకునికి దొరికే సమాధానం స్వల్పం. జకాత్ వసూలు ప్రభుత్వ బాధ్యత అనే సూత్రాన్ని ఆయన బలంగా ప్రతిపాదించారు. న్యాయమైన ప్రభుత్వం ఉన్నచోట ఆ సూత్రం సరిపోవచ్చు. ముస్లింలు అల్పసంఖ్యాకులుగా ఉన్న దేశాలలో జకాత్ వసూలు చేసేది మసీదు కమిటీ, మద్రసా, స్వచ్ఛంద సంస్థ, లేదా దాత స్వయంగానే. ఆ సంస్థల జమాఖర్చును ఎవరు చూడాలి అనే విషయం ఆ బృహద్గ్రంథానికి వెలుపలే మిగిలిపోయింది. సద్గుణాన్ని వర్ణించినంత వివరంగా తనిఖీని వర్ణించకపోవడం ఒక్క ఖర్జావీ లోపమే కాదు. ధర్మశాస్త్ర రచనా పద్ధతిలోనే ఉన్న వెలితి అది.

తైమూర్ కురాన్ అభియోగం

జకాత్ చర్చ ఎక్కువగా ధర్మశాస్త్రకారులది కాగా, వక్ఫ్ చర్చలో ఆర్థికశాస్త్రవేత్తలు ప్రవేశించారు. వారిలో ప్రముఖుడు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు తైమూర్ కురాన్. 2001లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలోనూ, 2011 నాటి ‘ద లాంగ్ డైవర్జెన్స్’ గ్రంథంలోనూ ఆయన చేసిన వాదన సారాంశం ఇది. పశ్చిమాసియాలో ఆసుపత్రులు, పాఠశాలలు, నీటి వసతులు, సత్రాలు వక్ఫ్‌ల ద్వారానే నడిచాయి. ఒకప్పుడు అది గొప్ప ఏర్పాటు. అయితే వక్ఫ్ చేసినవాని షరతు శాసనంతో సమానమనే నియమం వల్ల కాలం మారినా సంస్థ మారలేకపోయింది. ముతవల్లీ షరతులను అమలు చేసేవాడే గాని సవరించగలవాడు కాడు. ఐరోపాలో సంస్థ తనకు తానే ఒక న్యాయవ్యక్తియై, తన నియమాలను తానే మార్చుకొనే అధికారం పొందింది. వక్ఫ్‌కు ఆ అవకాశం దక్కలేదు. వెనుకబాటుకు గల కారణాలలో ఇదొక ముఖ్యమైనది.

ఈ వాదనను కోపంతో తోసిపుచ్చడం సులభం. పలువురు ఆ పని చేశారు కూడా. కాని దానిలోని బలాన్ని గుర్తించడం న్యాయం. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల 1264 నాటి నిబంధనలకు వక్ఫ్‌తో ఉన్న పోలికను మోనికా గౌడియోసి 1988లో ఒక వ్యాసంలో చూపించారు. ఆ కళాశాల పదేళ్ళు తిరగకముందే తన నిబంధనలను మార్చుకొని ముందుకు సాగింది. ఒకే తీరుగా మొదలైన రెండు సంస్థలలో ఒకటి పెరిగి మరొకటి ఎందుకు బిగుసుకుపోయింది అనే ప్రశ్న నిజమైన ప్రశ్నే. మార్పిడి (ఇస్తిబ్దాల్) వంటి వెసులుబాట్లు ఫిఖహ్‌లో ఉన్నాయని జవాబు చెప్పేవారికి కూడా కురాన్ వద్ద సమాధానం ఉన్నది. ఆ వెసులుబాటు ఖాజీ అనుమతి మీద ఆధారపడి ఉండేది; అనుమతికి వెల ఉండేది.

అయినా ఈ వాదనలో ఒక పగులు ఉన్నది. దానిని చూడడానికి ఆంధ్రదేశం నుండే నిదర్శనం తీసుకొనవచ్చు. హిందూ దేవాలయంలోని విగ్రహాన్ని న్యాయవ్యక్తిగా 1925లో ప్రీవీ కౌన్సిల్ ఒక బెంగాల్ వ్యాజ్యంలో స్పష్టంగా గుర్తించింది. ఆస్తి దేవునిది, దేవుని పేర వ్యాజ్యం వేయవచ్చు. వక్ఫ్‌లో లేదని కురాన్ చెప్పే న్యాయవ్యక్తిత్వం ఇక్కడ ఉన్నది. అయినప్పటికీ దేవుని మాన్యాలు అన్యాక్రాంతం కాకుండా ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల నేపథ్యంలో వచ్చిన 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్నే రద్దు చేయవలసి వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే సంస్థాపకుల కుటుంబానికి కొంత స్థానం మిగిల్చింది. ధర్మశాస్త్రాలు వేరు, న్యాయవ్యక్తిత్వం విషయంలో స్థితి వేరు, కాని జబ్బు ఒకటే. రెండుచోట్లా సమానంగా ఉన్నది ఏమిటి? తండ్రి నుండి కొడుక్కు సంక్రమించే నిర్వహణాధికారం, ఎవరికీ చూపనక్కరలేని ఆవర్జా. కురాన్ దస్తావేజు బిగువును కొలిచినంత శ్రద్ధగా దీనిని కొలిచి ఉంటే, ఇస్లామీయ చట్టం మీద ఆయన మోపిన భారంలో కొంత నిర్వాహకుని మీదికి మారవలసి వచ్చేది.

ఒక సంస్థ తన సభ్యులకు జవాబు చెప్పుకొనడమే కార్పొరేషన్ ప్రాణమని కురాన్ పక్షాన చెప్పవచ్చు. అది నిజమే. అట్లయితే కీలకం న్యాయవ్యక్తిత్వంలో కంటె జవాబుదారీలోనే ఎక్కువగా ఉన్నదని ఆయన వాదనే ఒప్పుకొంటున్నది.

చిజాక్చా చూపిన బుర్సా లెక్కలు

కురాన్‌కు దాదాపు ఎదురుగా నిలిచిన పండితుడు టర్కీ చరిత్రకారుడు మురాద్ చిజాక్చా. 2000లో ఇస్తాంబుల్ నుండి వెలువడిన ఆయన గ్రంథం ఏడవ శతాబ్దం నుండి నేటివరకు ఇస్లామీయ ధర్మసంస్థల చరిత్రను చెబుతుంది. వక్ఫ్ తన బిగువు వల్ల చావలేదని, రాజ్యం చంపితే చచ్చిందని ఆయన ముఖ్య నిర్ణయం. 1826లో ఒట్టోమన్ ప్రభుత్వం వక్ఫ్‌లకు ప్రత్యేక మంత్రిత్వ శాఖను నెలకొల్పి ఆదాయాన్ని కేంద్రానికి మళ్ళించడాన్ని ఆయన ఉదాహరిస్తారు.

ఆయన పరిశోధనలో అత్యంత విలువైన భాగం బుర్సా నగరపు నగదు వక్ఫ్‌లను గురించినది. భూమికి బదులు రొక్కాన్ని వక్ఫ్ చేసి, దానిని అప్పుగా ఇచ్చి, వచ్చిన రాబడితో ధర్మకార్యం నడపడం ఈ ఏర్పాటు. పదహారవ శతాబ్దంలో దీనిపై గొప్ప వివాదం చెలరేగింది. షేఖుల్ ఇస్లాం ఎబుస్సుఊద్ ప్రజాక్షేమాన్ని, ఆచారాన్ని ఆధారం చేసుకొని దానిని సమర్థించగా, బిర్గివీ అది వడ్డీయేనని ఖండించాడు. ఆ వివాదాన్ని 1979లో జాన్ మాండవిల్ ఒక వ్యాసంలో చక్కగా వివరించారు. చిజాక్చా ఆ చర్చను దాటి లెక్కల పుస్తకాలలోకి వెళ్ళారు. 1555 నుండి 1823 వరకు ఉన్న దస్త్రాలను పరిశీలించి, ఈ వక్ఫ్‌లలో సుమారు ఐదింట ఒకటి నూరేళ్ళకు మించి బతికిందని తేల్చారు. మూలధనానికి తరువాతివారు మరికొంత చేర్చిన వక్ఫ్‌లు నిలదొక్కుకున్నాయని చూపించారు.

ఇక్కడే ఆయన గ్రంథం తన నిర్ణయానికి తానే సాక్ష్యం చెప్పలేకపోయింది. కొందరు ముతవల్లీలు తమ చేతిలోని వక్ఫ్ సొమ్మును తామే తక్కువ రేటుకు అప్పు తీసుకొని, ఇస్తాంబుల్ షావుకార్లకు ఎక్కువ రేటుకు తిప్పినట్లు ఆయనే సూచించారు. ఆ తేడా పేదవానికి చేరలేదు. నిర్వాహకుని ఇంటికి చేరింది. ఇది రాజ్యం చేసిన దోపిడీ కాదు, లోపలివాడు చేసినది. ఖాజీ దస్త్రంలో ఆ వక్ఫ్ సక్రమంగానే కనిపిస్తుంది: అసలు క్షేమం, రాబడి నియమిత రేటుకు జమ. దస్త్రం సరిగా ఉండి ధర్మం తప్పిన సందర్భం ఇది. ఇంత ముఖ్యమైన సంగతిని కనిపెట్టిన పండితుడు దానిని పెట్టుబడి మార్కెట్ చరిత్రలో ఒక విశేషంగా చెప్పి ఊరుకున్నారే గాని ధర్మసంస్థల పతనానికి కారణాలలో చేర్చి విచారించలేదు.

జెరూసలేం భోజనశాల

ఏమీ సింగర్ రచన పరిధిలో చిన్నది, పరిశీలనలో నిశితమైనది. 2002లో వెలువడిన ఆమె గ్రంథం ఒట్టోమన్ సుల్తాను సులైమాన్ భార్య హుర్రెమ్ సుల్తానా 1550 దశకంలో జెరూసలేంలో నెలకొల్పిన ఉచిత భోజనశాల చరిత్ర. వక్ఫ్‌నామాలో ఏయే పూట ఏ గంజి కాచాలో, శుక్రవారం ఏ ప్రత్యేక వంటకం పెట్టాలో, వంటవారు ఎందరో, రొట్టె ఎవరికి ఎన్నో రాసి ఉన్నది. సింగర్ అక్కడితో ఆగలేదు. పాలస్తీనా గ్రామాల నుండి రావలసిన గోధుమలు, వాటిని రాబట్టడంలో మేనేజరు పడిన పాట్లు, ఇస్తాంబుల్‌కు పోయిన లెక్కలు, అక్కడి నుండి వచ్చిన తాకీదులు అన్నీ వెదికి తీశారు. దాతృత్వం అనగా ఒక్కసారి చేసే గొప్ప పని కాదని, ప్రతి ఉదయం పొయ్యి రాజేయడమని ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది.

ఆ భోజనశాలలో అందరికీ ఒకే వంతు లేదు. సిబ్బందికి ముందు, ఎక్కువగా. అతిథి గదులలోని వారికి తరువాత. బయటి పేదలకు చివర, తక్కువగా. ఈ తారతమ్యం మేనేజరు దౌర్జన్యం వల్ల వచ్చినది కాదు, వక్ఫ్‌నామాలోనే ఉన్నది. సింగర్ దీనిని నాటి సమాజపు అంతస్తుల ప్రతిబింబంగా వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్య సరైనదే గాని చాలదు. మేనేజరు లెక్క పైనున్న ఇస్తాంబుల్‌కు పోయింది. వరుస చివర గిన్నె పట్టుకొని నిలబడినవానికి ఆ లెక్క అడిగే మార్గం ఏమైనా ఉండెనా? 2008లో ఇస్లామీయ సమాజాలన్నిటి దానధర్మాలపై ఆమె రాసిన విస్తృత గ్రంథంలోనూ గ్రహీతల గొంతు దొరకడం ఎంత కష్టమో ఆమె చెబుతారు. ఆ మౌనాన్ని ఆధారాల కొరతగా కంటె వ్యవస్థలోని లోపంగా చూసి ఉంటే ఆమె పరిశోధన మరొక మెట్టు ఎక్కేది.

భారతదేశ అనుభవం

ఈ రచనలలోని సిద్ధాంతాలను పరీక్షించడానికి భారతదేశం అనువైన స్థలం. ఇక్కడ వక్ఫ్‌పై వలస పాలన, స్వతంత్ర ప్రభుత్వం, సంఘం మూడూ తమ చేతులు వేశాయి. 1894లో ప్రీవీ కౌన్సిల్ కుటుంబ వక్ఫ్‌లను చెల్లనివిగా తీర్పు చెప్పింది. ముస్లింల ఆందోళన ఫలితంగా, మహమ్మదలీ జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు ద్వారా 1913లో వాటిని చెల్లుబాటు చేస్తూ చట్టం వచ్చింది. చరిత్రకారులు ఈ 1913 చట్టాన్ని విస్తారంగా చర్చించారు. గ్రెగరీ కోజ్‌లోవ్‌స్కీ 1985లో రాసిన గ్రంథం అందులో ముఖ్యమైనది. దాని తరువాత పదేళ్ళకు వచ్చిన 1923 నాటి ముసల్మాన్ వక్ఫ్ చట్టానికి అంత ప్రసిద్ధి లేదు. ముతవల్లీలు ఆస్తి వివరాలను, తనిఖీ అయిన జమాఖర్చులను కోర్టుకు సమర్పించాలని ఆదేశించిన చట్టం అది. ఎవరైనా అర్జీ పెట్టుకొని మరిన్ని వివరాలు కోరే వీలు కూడా అందులో ఉన్నది. హక్కు కోసం జరిగిన పోరాటం చరిత్ర అయింది. లెక్క కోసం వచ్చిన చట్టం పాదసూచిక అయింది.

స్వాతంత్ర్యానంతరం 1954 చట్టంతో రాష్ట్ర వక్ఫ్ బోర్డులు బలపడ్డాయి. దాని స్థానంలో 1995 చట్టం వచ్చింది. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ఈ ఏర్పాటు ఫలితాన్ని అంకెలలో చూపింది. నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలకు పైగా, విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలు, పుస్తక విలువ సుమారు 6,000 కోట్ల రూపాయలు. వార్షికాదాయం సుమారు 163 కోట్లు, అనగా పుస్తక విలువ మీద 2.7 శాతం. మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్లు ఉంటుందని కమిటీ అంచనా. ఆ విలువ మీద లెక్కిస్తే నూరు రూపాయల ఆస్తికి ఏడాదికి వచ్చినది పద్నాలుగు పైసలు. పది శాతం రాబడి వచ్చినా ఏడాదికి 12,000 కోట్లు సమకూరేవని నివేదిక చెప్పింది. ప్రభుత్వ శాఖలే ఆక్రమించుకున్న ఆస్తుల జాబితాను కూడా అది చేర్చింది.

ఆ పద్నాలుగు పైసలు కేవలం అంకె కాదు. ఆగిపోయిన వేతనంతో చదువు మానిన బాలిక, మందు దొరకని రోగి, పింఛను అందని వితంతువు ఆ అంకె వెనుక ఉన్నారు. ఈ దుస్థితిని కురాన్ సిద్ధాంతం కొంత వివరిస్తుంది, చిజాక్చా సిద్ధాంతం కొంత వివరిస్తుంది. పాత అద్దెకు బిగిసిపోయిన మల్గీలు ఒకరికి సాక్ష్యం. ప్రభుత్వ ఆక్రమణలు మరొకరికి సాక్ష్యం. కాని ఆ మల్గీ అద్దె ఎందుకు పెరగలేదు, ఎవరి బంధువు అందులో ఉన్నాడు అనే ప్రశ్న ఇద్దరి చేతికీ చిక్కదు.

దస్త్రాల విషయంలో హైదరాబాదు శివార్లలోని మణికొండ వ్యవహారం ఒక గుణపాఠం. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు సంబంధించి 1989 నాటి గెజెట్ 5,506 చదరపు గజాలను మాత్రమే వక్ఫ్‌గా ప్రకటించగా, 2006 నాటి సవరణ ప్రకటన 1,654 ఎకరాలను చేర్చింది. ఈ నడుమ ఆ ప్రాంతం భూముల విలువ ఆకాశానికి అంటింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసి, భూమి రాష్ట్ర ప్రభుత్వానిదని తీర్పు చెప్పింది. తీర్పు గుణదోషాలపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. గజాలకు, ఎకరాలకు మధ్య అంత దూరం దశాబ్దాలపాటు తేలకుండా ఉండిపోయిందన్నదే విచారించవలసిన సంగతి. ఏటేటా ఆస్తి పట్టిక రాసి, చదివి, నలుగురికి చూపే అలవాటు ఉన్నచోట ఇటువంటి చిక్కు కోర్టుకు చేరకముందే బయటపడుతుంది.

2025 ఏప్రిల్‌లో పార్లమెంటు వక్ఫ్ చట్టాన్ని మళ్ళీ గణనీయంగా సవరించింది. అదే ఏడు సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొన్ని నిబంధనలను నిలిపివేసింది. ఈ సందర్భంగా జరిగిన వాదోపవాదాలు చాలావరకు అధికారం ఎవరి చేతిలో ఉండాలి అన్న దాని చుట్టూ తిరిగాయి. సంఘం తన ధర్మసంస్థలపై తన హక్కును కాపాడుకొనడం న్యాయమే. ఆ ప్రశ్న చిన్నది కాదు. అయితే ఆ హక్కు ఉన్న కాలంలో లెక్క ఎవరికి చూపించారు అనే ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంటే ఆ వాదానికి మరింత బలం చేకూరేది.

హమ్‌దర్ద్ ఉదాహరణ

లోపాలనే చెప్పి ఊరుకోవడం సమగ్ర విమర్శ కాదు. ఇదే దేశంలో, ఇదే వక్ఫ్ పద్ధతి మీద మేలైన నిర్వహణ కూడా జరిగింది. 1906లో హకీం అబ్దుల్ మజీద్ ఢిల్లీలో స్థాపించిన హమ్‌దర్ద్ యునానీ మందుల దుకాణాన్ని ఆయన భార్య రాబియా బేగం, అనంతరం కుమారుడు హకీం అబ్దుల్ హమీద్ పెంచి పెద్దచేశారు. 1948లో, దేశవిభజన గాయాలు పచ్చిగా ఉన్న కాలంలో, హకీం అబ్దుల్ హమీద్ ఆ వ్యాపారాన్ని వక్ఫ్ చేశారు. దాని ఆదాయంతో వైద్య చరిత్ర పరిశోధనా సంస్థ, 1963లో ఇస్లామీయ అధ్యయన సంస్థ వెలిశాయి. 1989లో జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. 1999లో ఆయన మరణించేనాటికి తుగ్లకాబాదు సమీపాన ఒక విద్యానగరమే నిలిచి ఉన్నది.

ఈ విజయాన్ని ఆయన నిరాడంబరతకు, దూరదృష్టికి ఆపాదించడం పరిపాటి. ఆ గుణాలు ఆయనలో ఉన్న మాట నిజం. అయితే విమర్శకుడు మరొక కారణాన్ని కూడా గుర్తించాలి. ఇక్కడ వక్ఫ్ అయినది అద్దెకిచ్చిన మల్గీ కాదు, నడుస్తున్న వ్యాపారం. సరుకు కొనాలి, అమ్మాలి, పన్నుల అధికారికి పత్రాలు చూపాలి, మార్కెట్టులో పోటీకి నిలవాలి. ప్రతిదినం లెక్క రాయకుంటే మరుసటి నెలకు దుకాణం ఉండదు. నిర్వాహకుని నిజాయితీకి తోడుగా పనిలోనే ఒక తనిఖీ ఇమిడి ఉన్నది. ఖాళీ స్థలానికి, పాత భవనానికి అటువంటి సహజమైన తనిఖీ లేదు. కావున దానిని సంఘమే కల్పించుకోవాలి. ఒక మహానుభావుని చరిత్ర నుండి గ్రహించవలసిన పాఠం ఇది. మహానుభావులు ప్రతి తరంలో దొరకరు; ఆవర్జా పుస్తకం మాత్రం ప్రతి తరంలో తెరవవచ్చు.

ముగింపు

పై రచనలన్నీ విలువైనవి. ఖర్జావీ లేకుంటే జకాత్ చర్చ నేటి ఆర్థిక జీవితానికి అందేది కాదు. కురాన్ లేకుంటే అసౌకర్యమైన ప్రశ్న ఎవరూ అడిగేవారు కారు. చిజాక్చా, సింగర్ లేకుంటే దస్త్రాలు దుమ్ములోనే ఉండేవి. కాని ఈ నలుగురి పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదివినప్పుడు తేలే వెలితి ఒక్కటే: లెక్క పైవానికి చూపడమే జవాబుదారీ అనుకొనడం. ఖాజీకి చూపారు, ఇస్తాంబుల్‌కు చూపారు, కోర్టుకు చూపారు, బోర్డుకు చూపారు. ఎవరి పేర వక్ఫ్ జరిగిందో వారికి చూపించిన సందర్భాలు ఎన్ని అని ఈ గ్రంథాలు అడగలేదు.

విశ్వవిద్యాలయాలలో ఈ శాస్త్రాన్ని బోధించేవారు, సంఘాలలో దీనిని ఆచరించేవారు ఇప్పుడు ఒకరి మాట ఒకరు వినే స్థితికి వచ్చారు. ముస్లింలు ఎంత ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అనే లెక్కలు ఏటేటా వెలువడుతున్నాయి. వాటితోపాటు ఇచ్చినది ఎట్లా నిలిచింది, నిలిపినవానిని ఎవరు ప్రశ్నించగలిగారు అనే విచారణ కూడా మొదలు కావాలి. దానికి గొప్ప నిధులు అక్కరలేదు. ఒక ఊరి మసీదు కమిటీ తన సంవత్సరపు జమాఖర్చును నోటీసు పలక మీద అంటించి, శుక్రవారం నమాజు తరువాత చదివి వినిపించి, ప్రశ్నలకు అక్కడే సమాధానం చెబితే చాలు. ఇబ్నుల్ లుత్బియా లెక్క మింబరు మీద నుండే జరిగిందన్న సంగతి ఆ కమిటీకి తెలియనిది కాదు.